మహబూబాబాద్ ల్యాబుల విన్న పాఠం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ ముచ్చట ముందుగాల చెప్పకుంటే, కింద రాసింది చదివి నన్ను వేరే తీరుగ అనుకుంటరు. మాది మరిపెడ దగ్గర ఒక తండా. చిన్నప్పుడు మాకాడ ఎవలికి జెరమొచ్చినా గాలి సోకిందని తాయెత్తు కట్టేటోళ్లు. నా మెడల కట్టిన తాయెత్తు నేనే తెంపి పారేసి, మా యాడితోని, అంటే మా అమ్మతోని, దెబ్బలు తిన్న. ఇప్పుడు భూపాలపల్లిల ఫిజిక్స్ చెప్తున్న. పిల్లలు ఫోన్ల దయ్యాల వీడియోలు చూపిస్తే, అది కెమెరా చేసే మోసమని బోర్డు మీద గీసి మరీ చెప్త.

అయినా నాకు ఒకటి జరిగింది. నేనొక్కదాన్నే ఉంటే కలగన్న అనుకునేదాన్ని. కాని పక్కన రూతు ఉన్నది.

నేను డిగ్రీ మహబూబాబాద్‌ల చదివిన. రూతు నా క్లాసుమేటు, హాస్టల్ల ఒకటే రూం. వాళ్లది చిట్యాల దిక్కు ఒక ఊరు. ఆదివారం చర్చి తప్పదు. మా ఇద్దరికీ ఫిజిక్స్ మీద పాణం పడ్డదంటే దానికి కారణం రాజమల్లు సార్. రోజూ జనగామ నుంచి రైలుకు వచ్చేటోళ్లు. నాకు ఇంట్ల లంబాడీ మాట, బడిల పుస్తకం తెలుగు, డిగ్రీల ఇంగ్లీషు. మూడిట్ల ఏదీ సరిగ రాదని సిగ్గుపడేదాన్ని. సార్ మాత్రం సినిమాల్ల నవ్వులకు వాడుకునే మా తెలంగాణ మాటల్లనే పాఠం చెప్పేటోళ్లు. "ఎలుతురు అల లెక్క పోతది, గింజ లెక్క తగుల్తది. గిట్ల ఎట్ల అని అడుగున్రి. అడిగితెనే చదువు" అనేటోళ్లు.

ఆఖరి సంవత్సరంల క్వాంటం మెకానిక్స్ మొదలైంది. కాంతి సంగతి అయింది, అనిశ్చితి సూత్రం అయింది. ఒక సోమవారం సార్ రాలే. పాణం బాగలేదన్నరు. ఏమైందో ఎవలూ సరిగ చెప్పలే. వేరే సార్ని కూడ పంపలే. ష్రోడింగర్ సమీకరణం, డబ్బాల పెట్టిన కణం, గివి మిగిలిపోయినయి. పరీక్షల ఎక్కువ అడిగేది గివే.

నేను పుస్తకం ముందట పెట్టుకొని ఏడ్చేదాన్ని. సై అనే గ్రీకు అక్షరం త్రిశూలం లెక్క కనపడేది. దాని కింద ఏమున్నదో అంతుపట్టకపోయేది. అప్పటికి మా యాడి, బాపు మిరప తోటల్ల కూలికి పోతున్నరు. ఆ కాలంల చేతులు మండి రాత్రిళ్లు నీళ్లల్ల పెట్టుకొని కూసుండేటోళ్లు. ఈ ఒక్క పేపరు పోతే ముందటి చదువు లేదు. పరీక్ష రాయ, ఇంటికి పోయి వాళ్లతోని మిరపకాయ ఏరుత అని రూతుకు చెప్పిన. బట్టలు కూడ సదురుకున్న.

"జర ఆగు. ఇయ్యాల ఒక్కసారి కూసుందాం. అప్పటికీ రాకుంటే నేనే నిన్ను బస్సెక్కిస్త" అన్నది రూతు.

అన్నం తిన్నంక ల్యాబుకు పోయినం. కిటికీలకు నల్లగుడ్డ తెరలుంటయి కాబట్టి అక్కడ సల్లగుంటది. తెరలు జరిపి ఎలుతురు రానిచ్చి కూసున్నం. డబ్బాల కణం అంటే, రెండు గోడల నడుమ పెట్టిన చిన్న కణం. దాటి పోనియ్యవు ఆ గోడలు. దాని శక్తి ఎన్నడూ సున్నా కాదని పుస్తకంల ఉన్నది. ఎందుకు కాదో మాకు అర్థమైతలేదు.

"ఎటూ పోకుంట ఒక మూలకు కూసుంటే శక్తి సున్నానే గద" అన్నది రూతు.

"కూసోదు బిడ్డా, అదెట్ల కూసుంటది?"

తలుపు కాడ రాజమల్లు సార్ నిలవడ్డరు.

లేత నీలం అంగీ. మనిషి చిక్కిపోయిన్రు. మేం లేచి నిలవడ్డం. పాణం ఎట్లున్నది సార్ అని రూతు అడిగితే, కూసోమన్నట్టు తల ఊపిన్రు. మెల్లగ బోర్డు కాడికి వచ్చిన్రు. ప్రయోగానికి వాడే దారం బల్ల మీద ఉంటే, ఒక కొస కొక్కానికి కట్టి ఇంకో కొస పట్టుకొమ్మన్నరు. పట్టుకున్న. ఊపమన్నరు. ఊపిన.

"రెండు కొసలు కదుల్తలేవు. నడిమిట్ల ఊగుతున్నది. గదే అల. గీ రెండు గోడల నడుమ ఇమిడే అలలే బతుకుతయి, తక్కినయి బతకయి. అందుకే శక్తి మెట్లు మెట్లుగ ఉంటది. ఇప్పుడు ఊపుడు ఆపు."

ఆపిన. దారం తిన్నగ అయింది.

"అల లేకుంటే కణమే లేనట్టు. కణం ఉన్నదంటే అల ఉండాలె. అల ఉన్నదంటే ఊగాలె. ఇగ సున్నా ఎక్కడిది? డబ్బా చిన్నగ చేసి చూడు, ఇంకా గట్టిగ కొట్టుకుంటది. మూసిపెడితే ఊకుంటదని అనుకోకున్రి."

తర్వాత సమీకరణం మొదలుపెట్టి చివరిదాక రాసిన్రు. అక్షరాలు వంకరటింకరగ ఉన్నయి. నీరసమేమో అనుకున్న. రాసినంక సుద్దముక్క కింద పెట్టి, "ఇగ చదువుకోన్రి" అని వరండాలకు పోయిన్రు. మేం ఎంటబడి పోలే. భయం లేదు, అనుమానం లేదు. నెత్తి మీది మూట దించినట్టయింది. ఆ రోజు నేను బస్సెక్కలే.

మర్నాడు కెమిస్ట్రీ మేడం ల్యాబుకు వచ్చి, బోర్డు మీద గీ కొక్కిరిబిక్కిరి రాత ఎవలిదని అడిగింది. మా క్లాసోళ్లంత ఆ బోర్డు చూసే నోటు పుస్తకాలల్ల ఎక్కించుకున్నరు. కల కాదని నేను గట్టిగ చెప్పేది అందుకే.

పరీక్షల ఆ ప్రశ్ననే వచ్చింది. ఇద్దరం పాసైనం. రిజల్టు చూసినంక సార్‌కు చెప్దామని, అరటిపండ్లు కొనుక్కొని రైలెక్కి జనగామ పోయినం. ఇల్లు స్టేషన్‌కు దగ్గర్నే. సార్ భార్య తలుపు తీసింది.

"అమ్మా, పరీక్షలకు ముందు సార్ కాలేజీకొచ్చి పాఠం చెప్పిపోయిన్రు. దాంతోనే పాసైనం" అన్న.

"ఎవలిని చూసి సారనుకున్నవో బిడ్డా. సారు మంచం దిగక ఎన్ని నెలలాయె. పక్షవాతం. కుడిదిక్కు మొత్తం పడిపోయింది. మాట లేదు. నేను పక్కకు తిప్పితేనే తిరుగుతరు."

లోపలి రూం ఇరుకు. మంచం వేస్తే ఇగ ఒక్క మనిషి నిలవడే జాగనే ఉన్నది. సార్ మమ్ముల గుర్తుపట్టిన్రు. కండ్లకెల్లి నీళ్లు కారినయి. ఏదో అనబోయిన్రు, మాట రాలే. పాసైనం సార్ అని రూతు చెప్తే, ఎడమ చేత్తోని ఆమె చెయ్యి పట్టుకున్నరు. అట్లనే చానాసేపు వదలలే.

సార్ భార్యకు ఇంకేం చెప్పలే. అప్పటికే పరేషాన్‌ల ఉన్నది, ఇంకింత భయపెట్టుడెందుకని. స్టేషన్ల కూసున్నంక రూతు మెల్లగ అడిగింది.

"ఆనాడు సార్ ఏ చేత్తోని రాసిన్రే?"

కండ్లు మూసుకొని యాది చేసుకున్న. సుద్దముక్క ఎడమ చేతిల ఉన్నది. కుడి చెయ్యి కిందికి వేలాడుతున్నది. ఇద్దరం చూసినం. ఆనాడు ఇద్దరికీ అది వింతనిపించలే. దారం కట్టింది, పట్టుకున్నది మేమే. సార్ ముట్టుకున్నది ఒక్క సుద్దముక్కనే.

తర్వాత ఎన్నో తీర్ల ఆలోచించిన. సార్ లెక్కనుండే మనిషి ఇంకోలు వచ్చిన్రా అంటే, సార్‌కు అన్నదమ్ములు లేరు. మేమే రాసి మర్చిపోయినమా అంటే, మాకు రానిది మేమెట్ల రాస్తం? తను చేసిన ప్రార్థన దేవుడు విన్నడని రూతు అంటది. మా యాడి మా తండా దేవుళ్ల పేర్లు చెప్తది. ఈ ముచ్చట విన్న నా విద్యార్థి ఒకామె, "మేడం, ఎలక్ట్రాన్ ఒకటేసారి రెండు సందులల్లకెల్లి పోతది గద, సార్ గట్లనే వచ్చిన్రేమో" అన్నది. కాదని చెప్పిన. ఎలక్ట్రాన్‌కు చెల్లేది మనిషికి చెల్లదు. దాన్ని దీనికి అంటగడితే నేను చదివిన చదువుకే మోసం చేసినట్టు.

నాకు భూపాలపల్లిల కొలువు దొరికినప్పుడు మళ్ల జనగామ పోయిన. అప్పటికి సార్‌కు కొద్దికొద్దిగ మాట వచ్చింది. ఆనాటి సంగతి దాచకుంట మొత్తం చెప్పిన. సార్ నవ్వలే, ఆశ్చర్యపోలే. ఒక్కొక్క మాట కూడబలుక్కుంట చెప్పిన్రు.

"నాకు ఎరుక లేదు బిడ్డా. ఎటూ పోలే. పండుకొని మిగిలిన పాఠం చెప్పుకునేది. లోపల్నే. రోజూ. మీరు ముందట కూసున్నరనుకొని."

కొంచెం ఊపిరి తీసుకొని, నా దిక్కు తిరగడానికి కష్టపడ్డరు. నేనే ముందటికి జరిగిన.

"మరి... అర్థమైందా?"

"అర్థమైంది సార్" అన్న.

పాఠమైతే అర్థమైంది. తక్కినదేదీ నాకు ఇప్పటికీ అర్థం కాలే.