ఎండబెట్టి మల్లెలు పూయించిన మామ

ఓరుగల్లు మట్టెవాడలో చిన్న నర్సరీ నడిపిన రాజలింగం మామ గత మంగళవారం మధ్యాహ్నం దవాఖానలో దివంగతులయ్యారు. పోయినవారి గుణగణాలను కీర్తించడం లోకమర్యాద. ఆయన శిష్యుణ్ణి కనుక నేను నిజం కూడా చెప్పాలి. ఆయన దాహంతో పోయారు. నీళ్లు ఇవ్వనివాణ్ణి నేనే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, తెలుగు ఎం.ఏ. పట్టా చేతబట్టుకొని, ఎక్కడా కొలువు దొరక్క ఆయన దగ్గర చేరాను. ఆయన నాకు బంధువు కాదు. వాడకట్టంతా పిలిచినట్టే నేనూ మామా అన్నాను. "పద్యాలు సదివితే చెట్లు పూస్తయా?" అన్నది ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

ఓరుగల్లులో అందరి మల్లెలూ ఫాల్గుణం దాటాక పూస్తే, ఆయనవి మాఘంలోనే పూసేవి. ఆ కీర్తి వెనుక ఉన్న విద్య పరమ నిర్దయ. పుష్యమాసం రాగానే కుండీలకు నీళ్లు బంద్. ఆకులు వాడి వేలాడినా ఆయన చలించేవారు కాదు. "కడుపు నిండిన చెట్టు పూయదురా. సచ్చిపోత అన్న బుగులు పుట్టాలె. అప్పుడే పూస్తది" అనేవారు.

చూడలేక ఒక ఏడు నేను ఒక కుండీకి రోజూ చాటుగా చెంబెడు నీళ్లు పోశాను. మాఘం వచ్చేసరికి తోటంతా మొగ్గ తొడిగింది. నా చెట్టుకు మాత్రం ఆకులే. ఆయన దాన్ని పీకెయ్యలేదు. గేటు పక్కన పెట్టించి, వచ్చిన ప్రతి గిరాకీకి చూపించారు. "ఇది మా ఎం.ఏ. సారు జాలిపడ్డ చెట్టు." ఆ అవమానం ఏడాది పొడుగునా భరించాను.

తొలి మొగ్గ కనబడిన నాడు మాత్రం ఆయన వేరే మనిషి. ఎవరినీ బిందె ముట్టనిచ్చేవారు కాదు. తానే బావిలోంచి చేది, ఒక్కొక్క కుండీ దగ్గరా వంగి, "తాగు బిడ్డా, తాగు" అంటూ పోసేవారు. ఆ కంఠంలోని వాత్సల్యం మనుషులెవరికీ దక్కలేదు. ఒక్క మెచ్చుకోలు కోసం నేను పదేళ్లు ఎదురుచూశాను.

ఈ మాఘంలో ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. రోజుకు నాలుగు చెంచాలకు మించి నీళ్లు తాగించవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మంగళవారం ఆ నాలుగూ పొద్దున్నే అయిపోయాయి. మధ్యాహ్నం మామ నా చెయ్యి పట్టుకున్నారు.

"జర నీళ్లు పొయ్యి బిడ్డా."

"డాక్టర్ వద్దన్నడు మామా. రేపు పొద్దుగాల పోస్త."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. నన్ను చాలాసేపు చూసి, "నేర్సుకున్నవురా" అన్నారు. అవే ఆయన చివరి మాటలు. గంట తిరక్కుండానే ప్రాణం పోయింది.

పదేళ్లు కోరుకున్న ప్రశంస అది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

తోటలో మల్లెలు విచ్చుకుంటున్నాయి. గిరాకీలు వస్తున్నారు, మామ ఏడీ అని అడుగుతున్నారు. అటువంటి విద్యాపారంగతుడు మా ఊళ్లో మళ్లీ పుట్టడు. ఆ కఠిన గురువు పాదాలకు సాష్టాంగ ప్రణామం.

ఆయన్ను ఇంటికి తెచ్చినప్పుడు, ఆయన భార్య, మా అత్తమ్మ, నన్ను ఒక్కటే అడిగింది.

"ఆఖరికి నీళ్లడిగిండా బిడ్డా?"

"అడిగిండు అత్తమ్మా. పోసిన. కడుపునిండ తాగిండు."

"గంతే సాలు" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆమెకు చదువు రాదు. ఈ వ్యాసాన్ని ఎవరూ ఆమెకు చదివి వినిపించవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.