ఆపరేటరమ్మ చెప్పిన మిగతా సగం

మా కింది ఫ్లాటు ఆపరేటరమ్మ గత మంగళవారం పొద్దున కన్నుమూశారు. వాళ్ల చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను హైటెక్ సిటీలో, ఆఫీసు మీటింగులో ఉన్నాను. "అక్క ఇగ లేదమ్మా" అని ఒక్క మాట చెప్పి ఆమె పెట్టేశారు. నేను మళ్లీ కుర్చీలో కూర్చుని, ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను. ఏం చెప్పానో మాత్రం గుర్తు లేదు.

మణికొండలో మా అపార్ట్‌మెంటు మొత్తానికి ఆమె ఆపరేటరమ్మే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగంలో చేరి, ఆ కాల్సే లేకుండా పోయాక ఇంకేదో సీట్లో కూర్చుని రిటైరయ్యారు. ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెప్తున్నాను. అప్పట్లో వేరే ఊరితో మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి చెప్పి, వరుసలో నంబరు రాయించుకుని, ఆపరేటరు కలిపేదాకా కాచుకుని ఉండాలి. ఆ కలిపే మనిషి ఈమె.

ఆ ఉద్యోగం ఆమెను చివరిదాకా వదల్లేదు. వాళ్లింట్లో కూర్చున్నప్పుడు మన ఫోను మోగితే ఆమే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. లిఫ్టులో ఎవరైనా ఫోన్లో మాట్లాడుతుంటే తలెత్తి పైన తిరిగే ఫ్యానునే చూస్తూ నిలబడేవారు. "వినకుండా ఎట్లుంటారమ్మా, చెవులుండాయి కదా" అని ఒకసారి ఆటపట్టించాను. "అడగొద్దు, వినొద్దు, కలపాలె. గంతే మా కొలువు" అన్నారు, నవ్వకుండా. అపార్ట్‌మెంటులో ఇంటర్నెట్ పోయినప్పుడు మేమంతా కంపెనీవాళ్ల మీద అంతెత్తున లేస్తే, ఆమె మాత్రం కంప్లైంటు నంబరుకు ఫోన్ చేసి ఎంతసేపైనా చెవి దగ్గర పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేవారు. "ఆ పిల్లకు ఎన్ని లైన్లున్నయో ఏమో, పరేషాన్ చేయకుర్రి" అని మమ్మల్నే కసిరేవారు.

ఆదివారం పొద్దున పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మేం గోంగూర అనే పుంటికూర తుంచుతూ కూర్చోవడం ఆమెకు అలవాటు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని దిగేదాన్ని. మాది అనంతపురం వైపు. వాదన దొరికితే నాకు టిఫిను కూడా అక్కర్లేదు. "వచ్చింది సీమ వకీలు" అనేవారు నన్ను చూడగానే.

ఆ వకీలు పనిచేసేది ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక కంపెనీలో. ఈ కంపెనీల మీద ఏ కట్టుబాట్లు ఉండాలో చెప్పమని ప్రభుత్వ సంస్థ ఒకటి అందరి అభిప్రాయాలూ అడుగుతున్న రోజులవి. నెట్ న్యూట్రాలిటీ అనే మాట మీరు వినే ఉంటారు. తన తీగలో పోయే ప్రతిదాన్నీ కంపెనీ ఒకే తీరుగా పంపాలి, ఎక్కువ డబ్బిచ్చినవాళ్లది ముందుకూ ఇవ్వనివాళ్లది వెనక్కీ నెట్టకూడదు అని దాని సారం. మా కంపెనీకి అది నచ్చదు. జీతం తీసుకుంటున్నాను కాబట్టి నాకూ నచ్చేది కాదు. ఆఫీసులో చెప్పబోయే వాదనను ఒక ఆదివారం ముందుగా ఆపరేటరమ్మ మీద ప్రయోగించాను.

"ఒక డాక్టరు వీడియోలో రోగిని చూస్తుంటాడమ్మా. పక్కింటాయన సినిమా చూస్తుంటాడు. రెండూ ఒకటేనా? ముఖ్యమైనదానికి వేరే దారి ఉండాల, ఆ దారికి వేరే ధర ఉండాల" అన్నాను.

"మాకాడ గదే ఉండె బిడ్డా. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు. పైస ఎక్కువ పెట్టినోడు ముందుకొస్తడు. లైట్నింగు వచ్చిందంటే కూసున్నోళ్లందరు కూసోవాల్సిందే" అన్నారు. కాసేపు ఆకులు తుంచి, ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పారు.

"ఒకరోజు పగటిపూట ఒక మనిషి ఆర్డినరీ బుక్ చేసిండు. ఆయన కంటే ముందు ముగ్గురే ఉన్నరు. అప్పుడు మొదలైనయ్ లైట్నింగులు. పత్తి సేట్లు, ధర కోసం. ఒకటైనంక ఒకటి. ఆ మనిషి రెండుసార్లు అడిగిండు, నాది వచ్చిందా అమ్మా అని. ఉండుర్రి అన్న. పొద్దూకినంక కలిపిన. లైను పడ్డదా లేదా అని జరసేపు మేం చెవి పెడతం. గా జరసేపట్లనే ఇనవడ్డది. ఆయన తల్లి పోయి గంటయిందట. కొడుకుతోని మాట్లాడాలని కొట్టుకున్నదట." చేతిలో కాడ అట్లాగే పట్టుకుని ఉన్నారు. "నేను రూలు తప్పలే. అదే నాకు బాధ."

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "చూశారా మరి, ఎందుకు ఫోన్ చేస్తుండాడని మీరు అడిగి ఉంటే ఆయన్ని ముందుకు పంపేవాళ్లు కదా. ఏది ముఖ్యమో చూసి పంపాలనే కదమ్మా మా కంపెనీ చెప్పేది" అన్నాను. ఆమె ఆ కాడను తుంచి పక్కన పెట్టారు. తర్వాత "అయి ఉండొచ్చు బిడ్డా" అన్నారు. నేను గెలిచానని సంబరపడ్డాను. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

అంతటితో ఆగితే బాగుండేది. కంపెనీ తరఫున ఆ ప్రభుత్వ సంస్థకు పంపే పత్రంలో మనసుకు తాకే ఉదాహరణ ఒకటి కావాలని మా మేనేజరు అడిగితే, ఆ కథ తీసి పెట్టాను. ఆమె పేరు పెట్టలేదు, ఒక మాజీ టెలిఫోన్ ఆపరేటరు అనుభవం అని రాశాను. తల్లి చివరి మాట కోసం వరుసలో చిక్కుకుపోయిన వృద్ధుడు, ముఖ్యమైన మాటకు ప్రత్యేకమైన దారి ఉండవలసిన అవసరం, ఇట్లా సాగింది నా రచన. మేనేజరు మెచ్చుకున్నాడు. పత్రం పోయింది, ఆ సంస్థ వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా చేరింది. పైగా నేనే గొప్పగా ఫోను పట్టుకెళ్లి ఆపరేటరమ్మకు చూపించాను.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని నిదానంగా చదివారు. కోపం వస్తుందనుకుంటే రాలేదు.

"ఇది సగమే బిడ్డా" అన్నారు. "నువ్వన్న కాన్నించి అదే ఆలోచన చేస్తున్న. నేను అడుగుతుంటి అనుకో. సేటు సుత మా అమ్మకు బాగలేదనే చెప్తడు. ఎవల్ని నమ్మాలె? మంచిగ చెప్పొచ్చినోడు ముందుకు పోతడు, నోరు లేనోడు వెనకనే ఉంటడు. అడగకపోవుడు తప్పు కాదు. పైసకు ముందుకు పంపుడు తప్పు. అందరికి ఒక్కటే వరుస ఉంటే ఆయన నాలుగో మనిషి. మాపు కాకముందే కలిపేదాన్ని. తల్లితోని మాట్లాడేటోడు."

"అయితే అంతా ప్రభుత్వమే చూసుకోవాల్నంటారా?" అన్నాను. నా బుద్ధి అప్పటికీ వాదనలోనే ఉంది.

"సర్కారు చేతుల ఉన్నప్పుడు ఫోను కనెక్షన్ కోసం ఏండ్లకేండ్లు చూసిన్రు. సర్కారు సక్కగ చేస్తదని నేనన్ననా? తీగె ఎవలదన్న గానియ్యి. కాని ఎవలు ముందు పోవాలెనో తీగె అమ్ముకునేటోడు చెప్పొద్దు. గది చెప్పనీకి సర్కారు కావాలె." ఫోను నా చేతిలో పెట్టారు. "నా మాట పెట్టినవ్ గద, మిగతా సగం కూడ పెట్టు."

పెడతానన్నాను. మేనేజరు దగ్గరికి వెళ్లాను కూడా. "మనం పెట్టిన కాగితాన్ని మనమే కొట్టేసుకుంటామా అండి? మీ సొంత పేరు మీద పంపుకోండి, తర్వాత ఇక్కడ మీ పరిస్థితి ఏమిటో నేను చెప్పలేను" అన్నాడు. మిగతావాళ్లు అభిప్రాయాలు పంపడానికి ఇంకా గడువు ఉంది. నేను పంపలేదు. భయపడ్డాను. ఇంతకన్నా అందంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండు ఆదివారాలు ఆమె అడిగారు, రెండుసార్లూ రాస్తానమ్మా అన్నాను. మూడో ఆదివారం కాఫీ మా బాల్కనీలోనే తాగాను. ఇనుప కమ్మీల సందులోంచి ఆమె తల, తెల్లటి పాపట కనిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి మెట్ల వైపు చూశారు. నేను లోపలికి జరిగాను. ఆ తర్వాతి వారమే ఆయాసం ఎక్కువై దవాఖానలో చేర్చారు.

అంత్యక్రియలైన మర్నాడు సెలవు పెట్టి కూర్చుని, భయం గియం పక్కన పెట్టి, ఆమె మాటలన్నీ ఒక ఉత్తరంగా రాశాను. పంపబోతే గడువు దాటిపోయింది. అందుకే మీకు చెప్తున్నాను. ఆ పత్రంలో ఉన్న ఆపరేటరు మా ఆపరేటరమ్మే. ఆమె చెప్పింది అది కాదు. పైన రాసింది.

ఇంకొక్కటి ఉంది, అది చెప్పకపోతే ఇదీ సగమే అవుతుంది. ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం దవాఖానకు వెళ్లాను. ముక్కుకు గొట్టం ఉంది, మాట మాటకూ ఊపిరి అందుకోవాల్సి వస్తోంది. నన్ను చూసి మొదట అడిగింది అదే.

"రాసినవా?"

"రాసినానమ్మా."

"సదువు."

ఫోను తీశాను. తెర మీద పొద్దున పెట్టిన కూరగాయల ఆర్డరు ఉంది. దాని వైపు చూస్తూ గొంతు సవరించుకుని చదివాను. "ఒక పెద్దాయన తన ఇంటికి ట్రంకు కాల్ బుక్ చేశాడు. వరుసలో ఆయన నాలుగోవాడు..."

ఆమె చెయ్యి కొంచెం లేపారు. "పెద్దాయన అని నీకెవలు చెప్పిన్రు? నేను గొంతే విన్న, మనిషిని సూడలే. ఒక మనిషి అని రాయి."

"మారుస్తున్నానమ్మా" అన్నాను. ఆమె నా చేతి వైపే చూస్తున్నారు. టమాటాలు, బెండకాయల మీద బొటనవేలు అటూ ఇటూ కదిపాను, మారుస్తున్నట్టు. ఆమె కళ్లు మూసుకునేదాకా కదుపుతూనే ఉన్నాను.