గడువు పెట్టే హనుమాండ్లు

ఎవరు ఏమడిగినా హనుమాండ్లు ముందు చేతి గడియారం విప్పుతాడు. దాన్ని బల్ల మీద, ముఖం తన వైపు ఉండేటట్టు పెడతాడు. అప్పుడు తలెత్తి మూడు ప్రశ్నలు అడుగుతాడు.

"ఎవరికి? ఎందుకు? ఎంతసేపటికి?"

అడిగింది ఆఫీసు తాళమైనా, గుండుసూది అయినా ప్రశ్నలు మారవు. గడువు పెట్టకుండా ఏదీ చేతి నుంచి వదలకపోవడం ఆయన గుణం. కామారెడ్డిలో ఆయనను ఎరిగినవాళ్లు మూడు జవాబులూ దారిలోనే సిద్ధం చేసుకుని వచ్చేవాళ్లు. ఎరగనివాళ్లు మొదటి ప్రశ్నకే వెనక్కి తిరిగి, వేరే చోట అడుక్కునేవాళ్లు.

ఒకరోజు వాన పడుతుంటే, ఆఫీసు ఎదుటి చాయ్ హోటల్ యాకూబు వచ్చి గొడుగు అడిగాడు.

"ఎంతసేపటికి?"

"వాన వెలిసేదాక, అన్నా."

"వాన నా చేతుల లేదు. టైం చెప్పు."

యాకూబు ఆకాశం వైపు చూసి, పావుగంట అన్నాడు. పావుగంటకు వాన ఇంకా పెద్దదైంది. హనుమాండ్లు తడుచుకుంటూ రోడ్డు దాటి హోటలుకు పోయాడు. "గడువు అయింది. ఇంక కావాల్నా?" అని అడిగాడు. మరో అరగంట పెంచాడు. మళ్లీ తడుచుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

బ్యాంకులో పెన్ను ఇచ్చినా అంతే. "ఒక్క సంతకానికి" అని అడిగి తీసుకున్న పెద్దమనిషి మూడు చోట్ల సంతకం చేయాల్సి వచ్చింది. ఒకటి కాగానే హనుమాండ్లు పెన్ను తీసుకున్నాడు. మళ్లీ అడిగించుకుని మళ్లీ ఇచ్చాడు. మూడో సంతకానికి ఆ పెద్దమనిషే వేలిముద్ర వేస్తానన్నాడు.

ఆయన భార్య తార ఈ సంగతులు చెప్పేటప్పుడు నవ్వదు. వినేవాళ్లే నవ్వుతారు.

"మా పెండ్లిల అయ్యగారు తాళి చేతికిచ్చి కట్టమన్నడు. ఈయన గడియారం దిక్కు చెయ్యి పోనిచ్చిండు. ఎంతసేపటికని అడుగుతడేమో అని నా పాణం పోయింది."

"అడిగిండా, వదినా?"

"లే. మా బాపు ముందుగాల్నే గడియారం ఇప్పించి జేబుల ఏసుకున్నడు."

ఇలాంటి మనిషికి సరిగ్గా అలాంటి ఉద్యోగమే దొరికింది. గోవింద్ సేట్ బీడీల కంపెనీకి కామారెడ్డిలో పెద్దాఫీసు, ఎల్లారెడ్డిలో బ్రాంచి. బీడీలు చుట్టే ఆడవాళ్ల పేర్లు, వయసులు, ఫొటోలు అన్నీ కలిపి ఒక జాబితా ఉండేది. ఆ జాబితాలో పేరుంటేనే గుర్తింపు కార్డు. కార్డుంటేనే బీడీ కార్మికుల దవాఖానలో మందులు. 2012లో సేట్ ఆ జాబితాను రిజిస్టర్లలోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ కంప్యూటర్ కామారెడ్డిలో లేదు. ఎక్కడో దూరాన, అద్దెకు తీసుకున్నది. దాన్ని క్లౌడ్ అన్నారు. సేట్ మొదట్లో ఆ మాట విని పైకి చూసేవాడు.

దాని దగ్గరికి పోవాలంటే ప్రతి మనిషికీ ఒక సర్టిఫికెట్ ఉండాలి. కాగితం కాదు. ఆ మనిషి కూర్చునే కంప్యూటర్ లోపల కంటికి కనబడకుండా ఉండే గుర్తింపు. బయట కొనేది కాదు, కంపెనీ తన మనుషుల కోసం తానే చేసుకునేది. ఎవరికి ఇవ్వాలి, దానితో ఎవరు ఏం చేయొచ్చు, ఎన్నాళ్లు చేయొచ్చు, ఎప్పుడు రద్దు కావాలి, ఇవన్నీ చూసే పని హనుమాండ్లుది. హైదరాబాద్‌లో ఆరు వారాలు నేర్చుకుని వచ్చాడు. నేర్పినాయన ఐదో వారంలోనే, ఇతనికి నేర్పాల్సింది ఏమీ మిగలలేదన్నాడట.

2013 ఎండాకాలంలో కళ్యాణి ఎల్లారెడ్డి బ్రాంచిలో కుదిరింది. డిగ్రీ అయిపోయాక రెండేళ్లు ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన పిల్ల. చాట ముందు నుంచి లేచి కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. మొదటిరోజు సర్టిఫికెట్ కోసం కామారెడ్డి వచ్చింది. గడియారం బల్ల మీదికి దిగింది. మూడు ప్రశ్నలు అయ్యాయి. ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు.

అందులో నాలుగు గడులు. జాబితా చూడటం, ఉంది. కొత్త పేరు ఎక్కించడం, ఉంది. ఉన్న పేరు దిద్దడం, లేదు. పేరు తీసెయ్యడం, లేదు. కింద గడువు, మూడు నెలలు.

"దిద్దనీకి సుత లేదా, అన్నా? నేను తప్పు కొడితే?"

"ఫోన్ చెయ్యి. అడుగు. ఇస్త."

"నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకానికి ఈ కాగితంల గడి లేదు, బిడ్డా. సంతకం పెట్టు."

పెట్టింది. బస్సులో ఎల్లారెడ్డి దాకా ఆ రెండు 'లేదు'లనే తలచుకుంటూ పోయింది.

తప్పు పడటానికి వారం పట్టలేదు. బీడీలు చుట్టే మంగవ్వకు అరవై నాలుగేళ్లు. కళ్యాణి నలభై ఆరు అని కొట్టింది. మంగవ్వ తెర మీద చూసుకుని మురిసిపోయింది.

"గట్లనే ఉండనీయ్, బిడ్డా. ఎవరికేం నష్టం?"

కళ్యాణి కామారెడ్డికి ఫోన్ చేసింది. అటువైపు గడియారం బల్లకు తగిలిన చప్పుడు వినబడింది.

"ఎవరికి?"

"మంగవ్వకు."

"ఎందుకు?"

"పద్దెనిమిదేండ్లు తగ్గింది."

"ఎంతసేపటికి?"

"ఒక్క నిమిషం, అన్నా."

"ఐదు తీస్కో."

రెండో నిమిషంలో కరెంటు పోయింది. వచ్చేసరికి గడువు అయింది. మళ్లీ ఫోన్, మళ్లీ మూడు ప్రశ్నలు. మళ్లీ కరెంటు పోయింది. అలా మూడుసార్లు. మంగవ్వ ఆ పూటంతా నలభై ఆరేళ్ల మనిషిగానే ఉండి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ అరవై నాలుగేళ్లకు వచ్చింది. పోతూ పోతూ, "ఆ కామారెడ్డి ఆయనకు నేనేం చేసిన?" అని అడిగింది.

సేట్‌కు కూడా మినహాయింపు లేదు. శ్రావణంలో ఒక బుధవారం, పిట్లం నుంచి కొత్త వియ్యంకుడు వస్తున్నాడని గోవింద్ సేట్ హనుమాండ్లును పిలిచాడు.

"నాకు అన్నీ కావాలె. చూసుడు, ఎక్కిచ్చుడు, దిద్దుడు, తీసుడు. అన్ని గడులల్ల ఉంది అని రాయి."

గడియారం బల్ల మీదికి దిగింది. "ఎందుకు, సేట్?"

"ఎందుకేంది? కంపెనీ నాది."

"మీదే, సేట్. మీరు ఎందుకు అడిగిన్రని రాసుకోవాల్నో చెప్పున్రి."

సేట్ "మా వియ్యంకునికి చూపెట్టనీకి" అన్నాడు. హనుమాండ్లు అదే మాట రాసుకున్నాడు.

"ఎంతసేపటికి?"

"ఎప్పటికీ."

"ఎప్పటికీ అనే టైం గడియారంల లేదు, సేట్."

చివరికి సాయంత్రం ఐదింటి దాకా అని ఒప్పందం కుదిరింది. సరిగ్గా ఐదింటికి, సేట్ కుర్చీలో వెనక్కి వాలి "ఇదంతా మన చేతులల్లనే ఉంటది" అని వియ్యంకుడికి చెబుతుండగా, తెర ఆయనను బయటికి పంపేసింది. వియ్యంకుడు మర్యాదస్తుడు. చాయ్ బాగుందన్నాడు.

నవ్వుకునే సంగతులు అక్కడితో అయిపోయాయి. గురువారం పొద్దున ఎల్లారెడ్డి బ్రాంచికి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. కార్డులు ఎప్పుడొస్తాయో కనుక్కోవడానికి. కళ్యాణి జాబితా తెరిచింది. సోమ, మంగళవారాలు కూర్చుని తాను ఎక్కించిన నలభై మూడు పేర్లూ లేవు. ఒక్కటీ లేదు. ఫొటో బాగాలేదని పోయినవారం తీయించి, కొత్త ఫొటోతో మళ్లీ ఎక్కించిన మంగవ్వ పేరూ లేదు. జాబితాకు నకలు ఆదివారం ఆదివారం తీస్తారు. ఈ పేర్లు ఆ నకలులో కూడా ఉండవు.

"మొన్న నా ముందల్నే కొడితివి గద, బిడ్డా."

"కొట్టిన, అవ్వా."

"మరి యాడికి పోయినం?"

మధ్యాహ్నానికి సేట్ ఫోన్ వచ్చింది. రేపు పొద్దున కామారెడ్డి రమ్మన్నాడు. చేతిలో ఉన్న ఆఫీసు తాళాలు కూడా తెమ్మన్నాడు. ఆ రెండో మాటతో కళ్యాణికి విషయం అర్థమైంది. ఇంటికి పోయి చెప్పలేదు. అవ్వ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. పక్కన ఖాళీగా ఉన్న తన చోటును కళ్యాణి చాలాసేపు చూసింది.

శుక్రవారం, సేట్ గదిలో.

"పేర్లు ఎక్కిచ్చింది నువ్వు. అక్కడ కంప్యూటర్ ముంగట ఉండేది నువ్వొక్కదానివి. తీసేసి ఉంటవు. తెలిసో తెలవకనో."

"నేను తీయలే, సేట్."

"మరి పేర్లకు కాళ్లొచ్చినయా? తాళాలు ఆడ పెట్టి పో."

కళ్యాణి తాళాలు బల్ల మీద పెట్టింది. అప్పుడే తలుపు తీసుకుని హనుమాండ్లు లోపలికి వచ్చాడు. ఆయనను ఎవరూ పిలవలేదు. గడియారం విప్పి తాళాల పక్కన పెట్టాడు.

"కళ్యాణి తీయలే, సేట్."

"ఎట్ల చెప్తవు? మంచి పిల్ల అనా?"

"మంచిదో కాదో నాకు తెల్వదు. తీయనీకి ఆమెకు పర్మిషనే లేదు." సంతకం చేసిన కాగితం సేట్ ముందు పరిచాడు. "చూడున్రి. తీసెయ్యడం, లేదు. దిద్దడం సుత లేదు. పాపం ఒక ముసలామె వయసు దిద్దనీకి పూటంతా ఫోన్లు చేసింది. తియ్యాలని మొక్కుకున్నా ఈ పిల్లతోని కాదు."

సేట్ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టుకుని చూశాడు. రెండు చోట్లా 'లేదు' అనే ఉంది.

"మరి ఎవరు తీసిన్రు?"

హనుమాండ్లు కళ్యాణి వైపు తిరిగాడు.

"బిడ్డా, ఇప్పుడు చెప్పేది వినే పర్మిషన్ నీకు లేదు. బయట కూసో."

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. అది సరిగా పడని తలుపు. లోపలి మాటలు తక్కువ గొంతుతోనైనా వినబడుతూనే ఉన్నాయి.

"పేర్లు తీసిన టైం కంప్యూటర్ల రాసుంటది. బుధవారం. నాలుగు గంటల ఇరవై నిమిషాలు."

"బుధవారమా?"

"వియ్యంకుడు వచ్చినప్పుడు."

సేట్ కుర్చీ కిర్రుమంది.

"ఎల్లారెడ్డి కొత్త పేర్లు కిందికెల్లి కిక్కిరిసి ఉండె, హనుమాండ్లు. సుట్టం ముంగట సాఫుగ కనబడాలని జర పక్కకు తీసిన. నా తెర మీదికెల్లే తీసిన. నా తెర మీద తీస్తే అందరి తెర మీద పోతదా?"

"పోతది, సేట్."

"ఐదింటికి బంద్ చేసి మంచి పని చేసినవు. కామారెడ్డి పేర్లు సుత సాఫ్ చేద్దామనుకున్న."

కళ్యాణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు.

సేట్ బయటికి వచ్చాడు. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "మిషన్ల ఏదో తప్పు, బిడ్డా. నీది కాదు. పోయి పని చూసుకో" అన్నాడు. కిందికి చూస్తూ అన్నాడు.

హనుమాండ్లు బస్టాండు దాకా ఆమెతో నడిచాడు. ఎల్లారెడ్డి బస్సు ఇంకా రాలేదు.

"ఆనాడు నేను అడిగినప్పుడు తీసే పర్మిషన్ ఇచ్చి ఉంటే, అన్నా?"

"ఇయ్యాల నాకు చెప్పనీకి ఏం ఉండకపోతుండె."

అడగకుండానే ఇంకో సంగతి చెప్పాడు. ఈ కంపెనీకి రాకముందు ఆకు గోదాములో పనిచేసేవాడట. గోదాముకు ఒకటే తాళంచెవి. తలుపు పక్కన మేకుకు వేలాడేది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు. ఒకరోజు ఆకు కట్టలు పోయాయి. ఊడ్చే ఆమెను తీసేశారు.

"ఆమె తీయలేదని అందరికీ ఎరికే. చూపెట్టనీకి ఏం లేకుండె."

"పాపం."

"తాళంచెవి మేకుకు తగిలించింది నేనే. ఎవరికీ తిప్పలుండొద్దని."

అప్పుడు కళ్యాణికి ఆ కాగితం కొత్తగా కనబడింది. 'లేదు' అన్న చోటల్లా ఆయన ఆమె మీద పడబోయే ఏదో ఒకదాన్ని ముందుగానే ఆపి పెట్టాడు. ఆ మాట ఆయనతో అనేలోపే బస్సు వచ్చింది. ఎక్కింది.

మరునాడు పొద్దున హనుమాండ్లు మొదటి బస్సుకే ఎల్లారెడ్డిలో దిగాడు. చంకలో పాత చేతిరాత రిజిస్టరు ఉంది. కళ్యాణి కుర్చీ ఖాళీ చేసి లేచి నిలబడింది. ఆయన అందులో కూర్చోలేదు. పక్కనున్న ముక్కాలి పీట లాక్కుని, రిజిస్టరు తెరిచి, "కొట్టు, నేను చదువుత" అన్నాడు.

"నువ్వే కొట్టొచ్చు గద, అన్నా. జల్ది అయితది."

"నాకు పేర్లు ఎక్కిచ్చే పర్మిషన్ లేదు."

"అందరికీ ఇచ్చేది నువ్వేనాయె."

"ఇచ్చేటోడే వాడుకుంటే ఎట్లయితది? చదువుతున్న, కొట్టు."

ఆయన చదివాడు, ఆమె కొట్టింది. నలభై మూడు పేర్లు. పెద్ద వయసు కనబడితే పేరు చివర అవ్వ అని చేర్చి చదివాడు. ఆయన చేర్చిన ఆ అవ్వలన్నింటినీ కళ్యాణి కొట్టకుండా జాగ్రత్తగా వదిలేస్తూ పోయింది. ఆఖరి పేరు అయ్యాక ఆయన రిజిస్టరు మూయలేదు. అలాగే పట్టుకుని, బయట అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి పోయాడు. మొదటి పేరు నుంచి వరసగా పిలిచాడు. పలికినవాళ్ల ముఖం ఒకసారి చూసి, "ఉన్నవు" అని చెప్పాడు.

మంగవ్వ వంతు వచ్చింది.

"ఉన్నవు, అవ్వా."

"ఉన్ననని నాకు తెల్వదా, కొడకా," అన్నది మంగవ్వ.

హనుమాండ్లు తల ఊపి, తరువాతి పేరు పిలిచాడు.