రాహుకాలంలో సంతకం

తిరుపతిని వేరే జిల్లాగా విడదీసిన ఏడాది వేసవిలో నన్ను చిత్తూరు దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగానికి హెడ్ నర్సుగా వేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు. హెడ్ నర్సు ముఖ్యమైన పని కాన్పులు చేయడం కాదని చాలామందికి తెలియదు. స్టాఫ్ నర్సులకు డ్యూటీలు వేయాలి. మందులు, పరికరాలు సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆపరేషన్‌కు వెళ్లే మనిషికి రక్తం, సంతకం, బంధువుల ఒప్పుదల అన్నీ కుదిరాయని తేల్చుకుని థియేటర్‌కు పంపాలి. వీటిలో బంధువులతోనే కష్టం.

ఒక శుక్రవారం ఉదయం సుజాత అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వెంట భర్త దావీదు, అత్త రూతమ్మ. రూతమ్మది మా చర్చి సంఘమే. వాళ్ల కుటుంబం బాప్తిస్మం తీసుకుని అప్పటికి కొన్నేళ్లే అయింది. ఆదివారం ఆరాధనలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి అందరికంటే ముందు లేచేది ఆమె. ఆ రోజు కూడా లేబర్ రూమ్ బయట బెంచీ మీద, తల మీద ముసుగు వేసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది.

పదిన్నర దాటాక ఉమ్మనీరు పోయింది. అది పచ్చగా ఉంది. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేస్తే నీరు అలా మారుతుంది. బిడ్డ ఇబ్బందిలో ఉందనడానికి అదొక గుర్తు. డాప్లర్ అనే చిన్న యంత్రాన్ని తల్లి కడుపు మీద ఆనిస్తే బిడ్డ గుండె చప్పుడు బయటికి వినిపిస్తుంది. నొప్పి వచ్చి తగ్గిపోయాక కూడా ఆ చప్పుడు మళ్లీ వేగం అందుకోవడం లేదు. డ్యూటీ డాక్టరమ్మ చూసి, వెంటనే సిజేరియన్ చేయాలన్నారు. థియేటర్ సిద్ధం చేయమని చెప్పి నేను బయటికి వచ్చాను.

"పాస్టరయ్య వస్తాండాడక్కా," అంది రూతమ్మ. "పూతలపట్టు కాడ బస్సులో ఉండాడంట. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాక లోపలికి తీసకపోండి."

దావీదు తల్లి ముఖం వైపు చూశాడు.

వయసొచ్చిన మనిషి తన ఆపరేషన్‌కు తానే సంతకం చేస్తే చాలు. నేను లోపలికి వెళ్లి సుజాతనే అడిగాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను పెడితే, రేపు బిడ్డకేమన్నా అయితే మా అత్త జన్మంతా నన్నే అంటాది సిస్టర్. ముందు ఆయమ్మను ఒప్పించండి."

సుజాత ఒప్పుకోనిదే ఆమె మీద కత్తి పెట్టలేం. దావీదు చేత పాస్టరు గారికి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించాను. ఆయన బస్సులోనే ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. నా కోసం ఆగొద్దు, వెంటనే తీసుకువెళ్లండి అని కూడా ఆయన చెప్పారు. రూతమ్మ మాత్రం లేవలేదు.

"ఇంకొంచేపు ఉండక్కా."

ఆ మాట అంటూ నా భుజం మీదుగా పైకి చూసింది. అక్కడ గోడ గడియారం ఉంది. శుక్రవారం రాహుకాలం పన్నెండు వరకు. అప్పుడు నాకు అర్థమైంది. మా అమ్మ జీవితమంతా చర్చికి వెళ్లిన మనిషి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మాత్రం రాహుకాలం రాకముందే గడప దాటేది. ఎందుకని అడిగితే, ముందు వరుసలో చోటు దొరుకుతుందని చెప్పేది.

స్టాఫ్ నర్సు రేవతి కూడా ఆ చూపు పట్టుకుంది. నెలకోసారి తిరుమల కొండెక్కే అమ్మాయి.

"నేనే రాహుకాలం సూడను మేడం, ఈయమ్మ సూస్తాండాది!" అంది నా చెవిలో. తర్వాత నవ్వు ఆపి, "ఆ గడియారం దించి ముల్లు తిప్పేస్తా. పన్నెండు దాటిందంటే తనే లేస్తాది. బిడ్డ కంటే నిజం ఎక్కువా మేడం?" అని అడిగింది.

పసిబిడ్డల ప్రాణం నిలపడానికి రాజుతో అబద్ధమాడిన మంత్రసానుల సంగతి బైబిల్లో నేను చదవనిది కాదు. తలుపు అవతల డాప్లర్ వినిపిస్తోంది. ముల్లు తిప్పితే ఆమె లేస్తుంది, నిజమే. కానీ బిడ్డ దక్కకపోతే? ఆ తర్వాత గడియారం సంగతి ఆమెకు తెలిస్తే? రాహుకాలమే బిడ్డను తీసుకుపోయిందని, అందుకు సాయం చేసింది సంఘంలోని అక్కేనని ఆమె చచ్చేదాకా నమ్ముతుంది. వద్దన్నాను. నేను అబద్ధమాడనన్నందుకు ఆ బిడ్డ పోతే, ఆ లెక్క ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియదు.

రూతమ్మ పక్కన కూర్చుని, ఇంకెవరికీ వినపడకుండా అడిగాను.

"పాస్టరయ్య కోసమా, పన్నెండు కోసమా?"

ఆమె ముసుగు ముందుకు లాక్కుంది. "సంఘంలో చెప్పబాకక్కా. నవ్వుతారు." తర్వాత, "మా పెద్దపాప కానుపు ఇదే టయానికి అయింది. బిడ్డ దక్కలా. అప్పటికి మాకు ప్రభువు తెలీదు. ఇప్పుడు తెలిసినాడు గానీ, ఆ బయం యాడికీ పోలా," అంది.

ఎవరికీ చెప్పనన్నాను. రాహుకాలాన్ని నేను నమ్మనని, కానీ బిడ్డ తప్పకుండా బతుకుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాను. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లి, సుజాత కడుపు మీద డాప్లర్ పెట్టించాను. నొప్పి వచ్చింది. చప్పుడు నెమ్మదించింది. నొప్పి పోయింది. చప్పుడు ఇంకా నెమ్మదిగానే ఉంది.

"ఇట్టా కొట్టుకుంటాదా?" అంది రూతమ్మ.

ఇలా కొట్టుకోకూడదన్నాను.

ఆమె కోడలి వైపు తిరిగింది. "పెట్టుమే సంతకం. ఏమైనా నిన్నేమీ అనను. ఈ అక్క సాచ్చి."

బిడ్డను తీసినప్పుడు ఏడుపు రాలేదు. నోరు, ముక్కు శుభ్రం చేసి, మాస్కు పెట్టి గాలి అందించారు. ఆ సమయంలో నేను ప్రార్థన చేశానని చెప్పలేను. గాలి సంచిని నొక్కుతున్న చేతినే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి సన్నగా ఏడుపు వినిపించింది.

బయటికి తెచ్చి చూపించినప్పుడు రూతమ్మ ఆడా మగా అని అడగలేదు.

"టయమెంతక్కా?"

"పన్నెండు కాలేదు," అన్నాను.

ఆమె బిడ్డను చాలాసేపు చూసింది. గడియారం వైపు మళ్లీ చూడలేదు. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పింది. అందులో గడియారం మాట లేదు. నేనూ ఎక్కడా ఎత్తలేదు. ఇప్పుడు పేర్లు మార్చి రాస్తున్నాను.

పోయిన ఏడాది నా భర్త చనిపోయారు. భూస్థాపన శనివారం వచ్చింది. శనివారం వెళ్లే శవం ఇంట్లో ఇంకొకరిని తోడు తీసుకుపోతుందని, దానికి బదులుగా కోడిపిల్లను కట్టి పంపుతారు మా వైపు. పెట్టె ఎక్కించిన వ్యాను వెనక, పూలదండల కింద, తాడుతో కట్టిన కోడిపిల్ల కనబడింది. కట్టింది నా చెల్లెలు. సండే స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఆమెను పక్కకు పిలిచి, ఎవరి కోసం భయపడ్డావని అడిగాను. "నువ్వూ పోతే నాకెవురుండారు?" అంది. ఆమె ఏడుపు ఆగేదాకా ఉండి, కోడిపిల్లను నేనే విప్పి ఆమె చేతికిచ్చాను. తర్వాత వ్యాను బయలుదేరింది.

మతం మారిన మనిషిలో పాత భయం మిగిలి ఉండడం కపటం కాదని నేను లేబర్ రూమ్ బయట తెలుసుకున్నాను. ఆ భయాన్ని అబద్ధంతో దాటించకూడదు, నలుగురిలో బయటపెట్టకూడదు. ఏమిటో అడిగి వినాలి. అయితే విన్నందుకు చేయవలసిన పని ఆపకూడదు.