అవసరం లేదన్నాను

ఒక జీపు డ్రైవరు నన్నూ నా భార్యనూ అండమానులో సముద్రం మీదికి వంగిన కొండ అంచున దింపి, మళ్ళీ రాకుండా పోయాడు. పైగా తప్పు నాదేనన్నాడు. నా తెలుగు తెలుగే కాదన్నాడు. ఎనభైల నాటి మాట ఇది. ఆ జీపు ఈపాటికి తుక్కయిపోయి ఉంటుంది. నా కోపం మాత్రం ఇంకా బాగానే నడుస్తోంది.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. మాది ధర్మపురి పక్కన. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం నేర్పే బడి లేదు, నేర్పేవాళ్ళూ లేరు. నల్లంపల్లి దగ్గర హైవే పక్కన టీ కొట్ల ముందు ఆగే ఆంధ్రా లారీలే నాకు బడి. వెనక తలుపు మీద రాసింది చూడటం, టీ తాగుతున్న డ్రైవర్లను అడగటం, ఇంటికొచ్చి మట్టిలో దిద్దుకోవటం. అట్లా కూడబలుక్కుని, తడబడకుండా నేను చదివిన మొదటి వాక్యం “అవసరమైతే హారన్ కొట్టండి.” మా ఊరి తెలుగులో అవసరం అంటే తొందర. తొందరగా పోవాలనుకునేవాణ్ణి హారన్ కొట్టమన్నారు, న్యాయంగానే ఉంది అనుకున్నాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉందేమోనని అనుమానించడానికి ఆ లారీ నాకు సందే ఇవ్వలేదు.

నా బామ్మర్ది పోర్ట్‌బ్లెయిర్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. వచ్చి సముద్రం చూసి పొమ్మని వాడు పోరు పెడితే మద్రాసులో ఓడెక్కాం. దిగాక నాకు పండగే. బజారులో ఎటు తిరిగినా తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళట. బామ్మర్ది పనికి పోతూ వాళ్ళలో ఒకాయన జీపు మాట్లాడి, కొండ అంచు చూపించమని మమ్మల్ని ఎక్కించాడు. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఇంటి బయట, ఒక మనిషితో ఇంతసేపు తెలుగు మాట్లాడటం నా బతుకులో అదే మొదలు. వదులుకుంటానా?

పైన దింపి డ్రైవరు అడిగాడు. “మల్లీ రమ్మంటారేటి బాబూ?”

పాపం, అన్నం తిని కాస్త నడుం వాల్చి రానీ అనుకున్నాను. “అవసరం లేదప్పా” అన్నాను, ఎంతో ఉదారంగా.

అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఆ అంచు గురించి ఏం చెప్పను. మా హొగెనకల్‌లో కావేరి పడే చోట కూడా కొండలున్నాయి, కానీ అక్కడ నీళ్ళ రొదలో మన మాట మనకే వినబడదు. ఇక్కడ అలలు ఎక్కడో కాళ్ళ కింద విరుగుతున్నాయి, చప్పుడు ఆలస్యంగా పైకి వస్తోంది. పక్షులు మాకంటే కిందుగా ఎగురుతున్నాయి. పక్షి వీపు ఎట్లా ఉంటుందో నేను చూసింది ఆ రోజే. ఒడ్డు దగ్గర నీళ్ళు పచ్చ, కాస్త అవతల నీలం, ఆపైన ఏ రంగో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. గాలికి నా తువ్వాలు మెడ మీద నిలవడం లేదు.

నా భార్య చాలాసేపు చూసి, “ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక గుక్క తాగేదానికి లేదే. మా నాయన బావి తవ్వుతానే పోయినాడు” అంది. ఆ తరువాత చింతపండు అన్నం మూట విప్పింది. నేను ఎక్కువ తిని, తప్పు గాలి మీద వేశాను.

నీడలు పొడుగయ్యాయి. జీపు లేదు.

“ఏమయ్యా, వానితో ఏం చెప్పినావు?”

“అవసరం లేదని చెప్పినాను.”

“సరిగ్గానే చెప్పినావు కదా. మరి ఏడి వాడు?”

ఇద్దరం కలిసి డ్రైవరును తిట్టుకుంటూ అడవి దారిన కిందికి నడిచాం. సగంలో ఆమె రబ్బరు చెప్పు తెగింది. అక్కణ్ణుంచి తిట్టు నా వైపు తిరిగింది. చీకటి పడేలోపు కింద ఒక బస్సు దొరికింది.

మర్నాడు పొద్దున్నే జీపుల స్టాండుకు పోయాను. డ్రైవరు తోటివాళ్ళతో టీ తాగుతున్నాడు.

“ఏమప్పా, అట్ల విడిచిపెట్టి పోయినావే?”

“మీరే గదా బాబూ, అవసరం లేదన్నారు.”

“అవసరం లేదంటే నిదానంగా రమ్మని కదా.”

“అలాగని ఏ ఊర్లో అంటారేటి?”

“మా ఊర్లో అంటారు.”

“అయితే అది తెలుగు కాదు బాబూ, అరవం.”

అందరూ నవ్వారు. చెప్పు తెగినందుకు, నడిచినందుకు ఊరుకునేవాణ్ణి. దీనికి ఊరుకోలేదు. “మా తాతల తాతలు విత్తనాలు దాచినట్ల దాచి ఇచ్చిన తెలుగప్పా ఇది. చుట్టూ అరవం ఉండంగా ఒక మాట అటుది ఇటు కలిసింటుంది. నువ్వు మాటమాటకీ ఏటి, ఏటి అంటావే. మా పక్క ఏటి అంటే ఏటి నీళ్ళు. నీ ఏటిలో నీళ్ళు ఎక్కడున్నాయి చూపించు.”

ఈసారి నవ్వు అతని మీదికి పోయింది.

“ఒక్కటి చెప్పు. నాది తెలుగా, కాదా?”

ఇంతలో ఎవరో బేరం వచ్చారు. జవాబు చెప్పకుండానే బండెక్కి పోయాడు.

ఆ తరువాత అక్కడ ఉన్నన్నాళ్ళూ నాకు సముద్రం రుచించలేదు. మాట్లాడబోయి ప్రతి మాటనూ తిప్పి చూసుకునేవాణ్ణి, చొక్కా తిరగేసి తొడిగానేమో అన్నట్టు. బజారులో అరటిపళ్ళు కూడా వేలు చూపించే కొన్నాను.

ఓడెక్కే రోజు, మేము పిలవకుండానే, ఆ జీపే వచ్చి బామ్మర్ది గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు దిగి మా మూటలు తనే సర్దాడు. “మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు” అని నా భార్య నా చేయి గిల్లింది. వీధి మలుపు తిరగకముందే ఎత్తాను. అతను రేవు దాకా హారన్ కొడుతూనే బండి తోలాడు. అక్కడ మూటలు దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి అన్నాడు.

“తెలుగే బాబూ, మీదీ తెలుగే. ఇకమీదట ఎవులైనా అవసరం లేదంటే, ఏ ఊరి తెలుగో అడక్కుండా బండి కదపను.”