మురుగు గుంటకు పడిన గండి

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మాచర్లలో మా వీధి మురుగంతా చంద్రవంక వాగు వైపే పారేది. ఎండాకాలం ఆ వాగులో పైకి నీళ్లు కనపడవు. ఇసుకలో చెలమ తీసి, మొదట ఊరిన మడ్డినీళ్లు తోడిపోసి, తేట నీళ్లు ఊరాక బిందె నింపుకునేవాళ్లం. తేటగా ఉంటే మంచివేనని మా నమ్మకం.

మురుగు వాగులో కలవకుండా పంచాయతీ వాళ్లు రెండు గుంటలు తవ్వించారు. మా నాన్న నాపరాళ్ల పని చేసేవాడు. గుంటలకు రాళ్లు పరిచిందీ, తర్వాత వాటిని కనిపెట్టుకుని ఉన్నదీ ఆయనే. మొదటి గుంటలో మడ్డి అడుగుకు దిగేది. పైన తేరిన నీళ్లు కంకర, ఇసుక గుండా రెండో గుంటలోకి జారి, అక్కణ్ణుంచి చేమదుంపల మడికి పారేవి. మిగిలింది నేల తాగేసేది. వాగుకి అదొక్కటే కాపలా. కంపు మాత్రం భరించలేం. ఆ చేమదుంపలను మా వీధివాళ్లు లొట్టలేసుకుంటూ తినేవాళ్లు గానీ, ఎక్కడ పండాయని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు.

ఆ ఏడు గుంటల పక్కింట్లో పెళ్లి. నాన్న రాళ్ల కోసం దూరంగా గనికి వెళ్లి ఉన్నాడు. పెళ్లికూతురి తండ్రిని మేం పెదనాన్న అని పిలిచేవాళ్లం. మగపెళ్లివారి ముక్కులకు కంపు సోకకూడదని, గుంట కట్ట తెంచి మురుగును వాగులోకి వదిలెయ్యడానికి ఆయన పారలు తెప్పించాడు.

"మీ తమ్ముడు వచ్చిందాకా ఆగు బావా," అంది అమ్మ.

"పారే నీళ్లకు దోషమేందమ్మా? వాగులో పడితే ఇసకే వడగడతది. పెళ్లి కాంగానే మళ్లా పూడ్చుకుందాంలే," అన్నాడాయన.

వీధిలో మగాళ్లంతా తలా ఒక దెబ్బ వేశారు. తిలాపాపం తలా పిడికెడు. కట్టకు గండి పడింది, గుంట ఖాళీ అయింది, కంపు పోయింది. పెళ్లి బాగా జరిగింది. మేమూ వెళ్లి కడుపునిండా తిని వచ్చాం. గండి పూడ్చే సంగతి ఎవరికీ పట్టలేదు. అమ్మ రోజూ చెలమ తోడుతూనే ఉంది. నీళ్లు ఎప్పటిలాగే తేటగా ఊరాయి.

కొద్దిరోజులకే మా చెల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దానికింకా పాలపళ్లు ఊడలేదు. కబురందుకుని నాన్న వచ్చేసరికే దాని కళ్లు లోపలికి పోయాయి. తెల్లారేసరికి పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాను, ఏం తిన్నానో తెలియదు. ఇంతకాలమైనా ఆ ఏడుపు రాలేదు. దాని మీద ప్రేమ లేక కాదు.

చిన్నపిల్ల కాబట్టి పూడ్చిపెట్టారు. నాన్న తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీది పార దించలేదు. పెదనాన్న మట్టి మోసే గంప పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఏదో చెప్పబోయి బావురుమన్నాడు. నాన్న ఆయన్ని తిట్టలేదు, ఆయన వైపు చూడనూ లేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

"గండి సంగతి రేపు చూద్దాం," అన్నాడు నాన్న అమ్మతో. "ఇయ్యాల చేతులాడటంలా."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపి నన్ను చూపించింది.

"ఇప్పుడే పోయి పూడ్చిరా. ఇంకో పిల్ల ఉంది మనకు."