పిల్లగాలికి ఊగిన చిమ్నీ

పొద్దున జంషెడ్‌పూర్ కద్మా పేటలో మా డాబా మీద బట్టలారేసే తీగ గాలికి గుంయ్‌మంటుంటే, చేతిలో కాఫీ చల్లారబెట్టుకుని నిలబడిపోయాను. సన్నటి తీగతోనైనా, లావుపాటి చిమ్నీతోనైనా గాలి ఆడే ఆట ఒకటే. ఆ సంగతి నాకు నేర్పినవాడు అప్పన్న మేస్త్రి. శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి, తాళ్లతో బరువులెత్తే కలాసీలకు పెద్దయినవాడు. చదువు లేదు. చూపు మాత్రం ఎప్పుడూ పైకే ఉండేది.

డెబ్బయ్యో దశకం చివర, ఓ చిన్న కాంట్రాక్టు కంపెనీలో కొత్త ఇంజనీరుగా చేరి, మూడువందల అడుగుల ఇనుప చిమ్నీ నిలబెట్టాను. సరే, నూటయాభై. నిలబెట్టింది కూడా అప్పన్న మనుషులే. నేను లెక్కలు వేసి, గట్టిదేనని సంతకం పెట్టాను. తుఫానుకు తట్టుకునేలా వేసిన లెక్క అది. ఓ సాయంత్రం గాలివాన వచ్చి షెడ్డు రేకులు ఎగరగొట్టినా చిమ్నీ చలించలేదు. ఇక నేను నాలుగు రోజులు ఆ చిమ్నీకన్నా పొడుగ్గా తిరిగాను.

అయిదో రోజు పిల్లగాలి. అప్పన్న వచ్చి, "బాబూ, మీ గొట్టం ఊగుతంది" అన్నాడు.

"వెనక మేఘాలు కదుల్తుంటే అలా కనిపిస్తుంది మేస్త్రీ. అంత గాలివానకు ఊగనిది దీనికి ఊగుతుందా?"

"రేపు రంగులేసే కుర్రోల్లు ఎక్కాల. నానెక్కించను. రండి, ఇద్దరం ఎక్కి సూద్దాం."

ఇద్దరం కొన దాకా ఎక్కాం అని నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను. నిజానికి నేను సగంలో నిచ్చెనను కావిలించుకుని ఆగిపోయాను. అప్పన్న నడుముకు తాడు కట్టుకుని, సంచిలో చెంబూ నీళ్ల సీసాతో పైకెళ్లాడు. పైనున్న ప్లాట్‌ఫారం మీద చెంబు పెట్టి నిండా నీళ్లు పోశాడు. కాసేపటికి నా నెత్తిన చుక్కలు పడ్డాయి.

"గాలి దచ్చినం నుంచి వత్తంటే, నీళ్లు తూరుపుకీ పడమరకీ ఒలుకుతన్నాయి! ఏటి బాబూ, నీళ్లు గూడా అబద్దమాడతన్నాయేటి?"

దిగొచ్చి, మట్టిలో పుల్లతో గీసి చూపించాడు. గుండ్రటి గొట్టాన్ని దాటే గాలి ఓసారి ఎడమ పక్కన, ఓసారి కుడి పక్కన సుడి తిరుగుతుంది. ఆ సుళ్లు గొట్టాన్ని అటూ ఇటూ లాగుతాయి.

"ఉయ్యాలూపినట్టే బాబూ. బలం కాదు, అదను గావాల. గాలివానకి తొందరెక్కువ, అదను దొరకదు. పిల్లగాలికి దొరుకుద్ది. పాత సైటులో సూసినాను, తాడు మెలేసి సుట్టేత్తే దాని తాళం తప్పిపోద్ది."

గాలి తగ్గిన వేళ చూసి, అతని మనుషులు చిమ్నీ పైభాగానికి లావుపాటి తాడును పాము చుట్టుకున్నట్టు చుట్టారు. మర్నాడు మళ్లీ అదే గాలి. చెంబులో నీళ్లు వణికాయి, ఒలకలేదు. కింద కలాసీలు ఒకటే ఈలలు.

అప్పుడే మా పెద్ద ఇంజనీరు జీపు దిగి, తల పైకెత్తి చూసి, ఈ బుర్ర ఎవరిదన్నట్టు, "యే కిస్కా దిమాగ్ హై?" అన్నాడు.

"మేరా, సర్." నాదేనని, బుర్ర ఆలోచించేలోగా నోరు అనేసింది. ఆయన నా భుజం తట్టి, తాడు బదులు ఇనుప పట్టీలు అతికించమని చెప్పి జీపు వైపు నడిచాడు.

అప్పన్న ఖైనీ నలుపుకుంటూ, "మీ బుర్రేలెండి బాబూ. మల్లీ ఊగితే ఆ ఊపు గూడా మీదే. పైన మా కుర్రోల్లుంటారు, అంతే" అన్నాడు.

మైలు దూరం పరుగెత్తి జీపును ఆపాను. లేదు లేదు, జీపు ఇంకా కదల్లేదు. పది అడుగులు నడిచానంతే. "మేరా నహీ సర్. మేస్త్రీ కా." నాది కాదు, మేస్త్రిదని చెప్పేశాను. ఆయన నన్ను అక్కడే వదిలేసి, అప్పన్న ముందు గొంతుకూర్చుని, పట్టీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో అడిగాడు. అప్పన్న నా వైపు చెయ్యి చూపించి, "ఇస్ బాబూకో భీ బులావో సాబ్, ఆధా తో చఢా థా" అన్నాడు. నన్నూ పిలవాలట, సగమైతే ఎక్కానట! కలాసీలంతా పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

కోతలు కోసే గుణం నాకు ఇప్పటికీ పోలేదు. కానీ కోసిన ప్రతిసారీ ఆ పది అడుగులూ మళ్లీ నడవాల్సి వస్తోంది. మోకాళ్ల నొప్పులు కదా, ఈమధ్య కాస్త చిన్న కోతలే కోస్తున్నాను.